అరిసె అందని నడక

ఏటిగట్టు పేటకి పరిశోధన వచ్చిన రోజున సువార్త అరిసెలు వత్తుతోంది. అరిసెలు తనవి కావు. పక్కింటి మరియమ్మ మనవడు ముందురోజు సాయంత్రం మంచం కోడు వదిలేసి, నాలుగడుగులు వేసి, నీళ్ల బిందె పట్టుకుని ఆగాడు. వాడు ఆగాడు గానీ మరియమ్మ ఆగుతుందా? తెల్లారేసరికి తడిపిండి ఆడించి, బెల్లం పాకం పొయ్యి మీదికి ఎక్కించి, పేటలో చెయ్యి తిరిగిన ఆడవాళ్లందరినీ కేకేసింది. సువార్తకి అప్పుడు ఏడో నెల. నూనె మూకుడు దగ్గర కూర్చోవద్దని, వేగిన అరిసెని రెండు చెక్కల మధ్య పెట్టి నూనె వత్తే పని ఆమెకి ఇచ్చారు.

అప్పుడే రాష్ట్ర శైశవ వికాస పరిశోధనా పీఠం వారి జీపు వచ్చి గుమ్మం ముందు ఆగింది. అందులోంచి డాక్టర్ కైవల్య అనే అమ్మాయి ట్యాబ్ పట్టుకుని దిగింది. చిన్నపిల్లల ఎదుగుదల మీద పెద్ద చదువు చదివిందట. మనిషి మాత్రం మంచిది. చెప్పులు బయట విడిచి, చాప మీద అందరితోపాటు కూర్చుంది.

"ఈ ఇంట్లో శిశువు నడుస్తున్నాడా?" అని అడిగింది.

"ఆయ్, నడుత్తన్నాడండి," అంది మరియమ్మ.

"ఈ ఇంట్లో అరిసెలు వండారా?"

"వండుతానే ఉన్నాం కదండీ. మీ ఎదరే కదా మూకుడు."

"మరి ఆ ఎదురింట్లో?"

"ఆళ్లు వండలేదండి."

"అక్కడి శిశువు?"

"ఇంకా పాకుతున్నాడండి."

డాక్టర్ కైవల్య వేళ్లు ట్యాబ్ మీద ఒక్క క్షణం ఆగిపోయాయి. అవతలి వీధిలో అరిసెలు వండిన ఇల్లు ఇంకేదైనా ఉందా అని అడిగింది. ఉంది. అక్కడి పిల్ల కూడా నడుస్తోంది. ఆ అమ్మాయి ముఖం చూస్తే, దీపం లేని ఇంట్లో స్విచ్చి దొరికినట్టుంది.

సువార్తకి ఆ సంబరం చూసి ముచ్చటేసి, అడగనివి కూడా చెప్పింది. "నడకకే కాదండి. పిల్లలు బోర్లా పడినప్పుడు బొబ్బట్లు చేత్తారండి. కూకున్నప్పుడు కుడుములు. మాటలొచ్చాయంటే పంచదార చిలకలు పంచుతారు. మా పేటలో అందరిళ్లల్లో ఉన్నదేనండి."

"అన్నిటికీ ఉన్నాయా!" అంది డాక్టర్ కైవల్య.

ముందు అరిసెలా, ముందు నడకా అని మాత్రం ఆ అమ్మాయి అడగలేదు. అంత చదువుకున్న మనిషికి ఆమాత్రం తెలియదని సువార్త కలలో కూడా అనుకోలేదు. రెండు అరిసెలు కాగితంలో చుట్టి ఇచ్చి పంపింది.

తర్వాత తెలిసిందేమిటంటే, అలాంటి జీపులు రాష్ట్రమంతా తిరిగాయి. అరిసెలు వండిన ప్రతి ఇంట్లోనూ పిల్లలు నడుస్తున్నారు. వండని ఇళ్లలో కూర్చునో పాకుతూనో ఉన్నారు. ఎక్కడా ఒక్క తేడా రాలేదు. పీఠం డైరెక్టరు ఆచార్య విరూపాక్షం గారు పత్రికల వాళ్లని పిలిచి, ఇంత నిక్కచ్చి ఫలితం తన నలభై ఏళ్ల శాస్త్ర జీవితంలో చూడలేదని కళ్లు తుడుచుకున్నారు. శిశువుల నడకకు కారణం అరిసె అని లోకానికి చాటారు. ఆ వార్త వచ్చిన వారంలోనే సువార్తకి ఆడపిల్ల పుట్టింది. దీవెన అని పేరు పెట్టుకున్నారు.

దీవెన బోర్లా పడే నాటికి 'తొలి అడుగు' పథకం ఏటిగట్టు పేటకి చేరింది. అంగన్‌వాడీ కేంద్రం ముందు షామియానా వేశారు. ప్రాజెక్టు అధికారి త్రివిక్రమరావు గారు మైకు అందుకున్నారు. ఆయన మాట్లాడితే మైకు అక్కర్లేదు, అయినా ఆయనకి అది చేతిలో ఉండాలి.

"మాతృమూర్తులారా! ఇంతకాలం ఈ రాష్ట్రంలో నడక ఒక అసంఘటిత రంగంగా ఉండిపోయింది. ఎవరికి తోచినప్పుడు వారు నడిచారు. పర్యవేక్షణ లేదు, ప్రమాణం లేదు, జవాబుదారీతనం అసలే లేదు. ఈ అరాచకానికి నేటితో స్వస్తి! పన్నెండో నెల నిండిన ప్రతి శిశువుకు ప్రభుత్వ ఆమోదిత అరిసె ఒకటి, జిల్లా కేంద్ర వంటశాల నుంచి, సీలు వేసిన డబ్బాలో సరఫరా చేయబడుతుంది. తదుపరి నడక ప్రారంభించబడుతుంది."

మరియమ్మ లేచింది. "బాబూ, పిల్లలు నడిచాక కదండీ అరిసెలు వండుకునేది?"

త్రివిక్రమరావు గారు పసిపిల్లని చూసి నవ్వినట్టు నవ్వారు. "అమ్మా, అది మీ అభిప్రాయం. మాది గణాంకం."

అందరూ చప్పట్లు కొట్టారు. మరియమ్మ కూడా కొట్టింది. గణాంకం అంటే ఏమిటో తెలియదు గానీ, ఆయన అన్న తీరుకి ఎదురు చెప్పబుద్ధి కాలేదంది తర్వాత.

పథకం ఘనవిజయం సాధించింది. సాధించకుండా ఉండాలంటే ఏడాది నిండిన పిల్లలందరూ కూడబలుక్కుని కూర్చోవాలి. వాళ్లకి అంత తీరిక లేదు. డబ్బాలో అరిసె వచ్చేది, అంగన్‌వాడీ టీచరు బేబీరాణి ఆ అరిసెని పిల్లాడి పాదాల కింద పెట్టి ఫొటో తీసేది, పిల్లాడు ఆ వారంలోనో పై వారంలోనో నడిచేవాడు. పేపర్లలో ఆచార్య విరూపాక్షం గారి బొమ్మ పెద్దదవుతూ వచ్చింది. ఆ ఊపులో పీఠం వారు బొబ్బట్లని, కుడుములని, పంచదార చిలకలని కూడా స్వాధీనం చేసుకున్నారు.

ఒకసారి బొబ్బట్ల లారీ దారిలో చెడిపోయి, చిలకల లారీ ముందు వచ్చేసింది. అధికారులకి ముచ్చెమటలు పోశాయి. బోర్లా పడటం రాని పిల్లలు ముందు మాట్లాడటం మొదలుపెడితే శాంతిభద్రతల మాటేమిటి? చిలకలన్నిటినీ పోలీసు స్టేషన్‌లో పెట్టించి, బొబ్బట్లు వచ్చేదాకా కాపలా కాయించారు. ఈలోపు స్టేషన్ రైటరుకి షుగరు పెరిగిందని పేటలో చెప్పుకున్నారు.

తర్వాత ఇళ్లలో అరిసెలు వండటం నిషేధించారు. మోతాదు తెలియని ప్రేరకాన్ని పౌరులు తమంతట తామే తయారు చేసుకోవడం ప్రమాదకరమట. సాయంత్రాలు కేంద్రంలో పనిచేసే ఆయమ్మ వీధుల్లో నడుస్తూ బెల్లం పాకం వాసన పట్టేది. మరియమ్మ మేనకోడలి పెళ్లిసారెలో బుట్టెడు అరిసెలుంటే త్రివిక్రమరావు గారు స్వయంగా వచ్చి పట్టుకున్నారు.

"పెళ్లీడు పిల్లకి ఇంత ప్రేరకమా? రేపు ఈ అమ్మాయి నడక మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందో ఎవరు హామీ ఇస్తారు?" అన్నారు. పెళ్లికొడుకు తరపువాళ్లు ఆ మాటకి కాస్త జంకారు కూడా. చివరికి బుట్టలో అరిసెలకి బదులు సున్నుండలు పెట్టి పంపారు.

ఇదంతా సువార్తకి అప్పటిదాకా నవ్వులాటే. చుట్టుపక్కల వాళ్లతో కలిసి తనూ నవ్వింది. నవ్వు ఆగిపోయిన రోజు ఒకటి వచ్చింది.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. సువార్త దొడ్లో తీగ మీద బట్టలు ఆరేస్తోంది. దీవెన నీళ్ల డ్రమ్ము పట్టుకుని నిలబడి తల్లిని చూస్తోంది. పదో నెల ఇంకా నిండలేదు. చూస్తూ చూస్తూ డ్రమ్ము వదిలేసింది. ఒకడుగు వేసి, ఊగి, నిలదొక్కుకుని, ఇంకో అడుగు వేసింది. ఎండలో వేడెక్కిన నేల మీద చిన్న పాదాలు ఎత్తెత్తి వేస్తూ వచ్చి, తడిచీర కుచ్చిళ్లలో ముఖం పెట్టి నవ్వింది. ఇంకెవరూ చూడలేదు. పిల్లకి ఎవరూ ఏమీ పెట్టలేదు, ఎవరూ చెయ్యి పట్టి నడిపించలేదు. సువార్త పిల్లని గుండెకి అదుముకుని బట్టల మధ్యే కూలబడి ఏడ్చింది. ఈ లోకంలో తన కూతురు సొంతంగా చేసిన మొదటి పని అది. దాన్ని చూసినది తానొక్కతే. ఆ సంతోషం ఎవరితో చెప్పుకోవాలో తెలియక, అటుగా వెళ్తున్న కోడిపెట్టతో చెప్పింది.

ఆ సంతోషం వెనకే ఇంకో ఊరట కూడా ఉంది. సువార్త పెళ్లికి ముందు నుంచీ జీడిపప్పు షెడ్డులో పిక్కలు కొట్టే పని చేస్తోంది. కాన్పుకని ఆగి చాలా నెలలైంది. మేస్త్రీ అబ్బులు మంచివాడే గానీ, అతనికీ ఓపికకి హద్దుంది. వచ్చే సోమవారం రాకపోతే ఆమె పీట ఇంకొకళ్లకి ఇచ్చేస్తానని కబురు పెట్టాడు. షెడ్డులోకి పసిపిల్లలని రానివ్వరు. రానివ్వకూడదు కూడా, జీడి నూనె తగిలితే పెద్దవాళ్ల చేతులే పొక్కిపోతాయి. అత్తగారు కువైట్‌లో ఎవరి పిల్లలనో పెంచుతోంది. భర్త ప్రసాదు చేపల బోటెక్కితే వారాలు రాడు. పగలంతా పిల్లని ఉంచుకునేది అంగన్‌వాడీ కేంద్రంలో నడక విభాగం ఒక్కటే. అందులో నడిచే పిల్లలని మాత్రమే తీసుకుంటారు. పాకే పిల్లలని తల్లే చూసుకోవాలి.

మర్నాడు పొద్దున్నే పిల్లని చంకనేసుకుని కేంద్రానికి వెళ్లింది. గుమ్మంలో దింపగానే దీవెన గబగబా నడిచి బేబీరాణి కుర్చీ పట్టుకుంది. బేబీరాణి ముఖం పాలిపోయింది.

"ఇదేంటే సువార్తా! దీనికింకా అరిసె రాలేదు కదే. ఎలాగ నడుత్తంది?"

"కాళ్లతోనేనండి."

"నీకు ఎటకారంగా ఉంది. నా ఉద్యోగం ఊడుద్ది. ఇంట్లో వండేవా, నిజం చెప్పు?"

"ఏసుప్రభువు సాక్షిగా వండలేదండి. అదే నడిచింది."

అదే నడిచిందన్న మాట ఆ కేంద్రంలో అప్పటిదాకా ఎవరూ అనలేదు. బేబీరాణి భయపడి త్రివిక్రమరావు గారికి ఫోను చేసింది. ఆయన గంటలో జీపేసుకుని వచ్చారు. దీవెన చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. దీవెన కూడా ఆయన చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఈ శిశువు నడవటం లేదు," అని తేల్చారు.

"నడుత్తంది కదండీ బాబూ. మీ కళ్లెదరే నడుత్తంది."

"కళ్లని నమ్ముకుంటే శాఖలు నడవవమ్మా. నడకకి కారణం అరిసె. ఈ శిశువుకి కారణం ఇంకా జారీ కాలేదు. జారీ కాని కారణానికి ఫలితం ఎక్కడి నుంచి వస్తుంది?" అంటూ ఆయన తన బూటు లేసు పట్టుకున్న దీవెన నుంచి కాలు మెల్లగా వెనక్కి లాక్కున్నారు. "చూడ్డానికి నడకలాగే ఉంది, నేను కాదనను. కానీ ఇది నడకను పోలిన కదలిక మాత్రమే."

"అయితే ఆ అరిసేదో ఇప్పుడే ఇచ్చేయండి బాబూ. తినేసి నడుత్తాది."

"పన్నెండో నెల నిండకుండా ఇవ్వటానికి వీల్లేదు. పైగా లారీ కాంట్రాక్టు తేలక జిల్లా వంటశాల నుంచి సరఫరా తాత్కాలికంగా నిలిచి ఉంది. అంతవరకు పాకించండి."

"నడిచే పిల్లని పాకమంటే ఎలాగ పాకుద్దండీ?"

త్రివిక్రమరావు గారు ఆ ప్రశ్నని మెచ్చుకున్నారు. అది చాలా మౌలికమైన ప్రశ్న అనీ, దాన్ని సముచిత స్థాయిలో పైవారి దృష్టికి తీసుకెళ్తాననీ చెప్పారు. తీసుకెళ్లారు కూడా. ఫలితంగా శనివారం నాడు మండల కార్యాలయంలో పునఃపాకుడు శిబిరం పెట్టారు.

మండలంలో అరిసె అందకుండా నడిచిన పిల్లలు దీవెన ఒక్కతే కాదని అక్కడికి వెళ్లాక సువార్తకి తెలిసింది. మీటింగు హాల్లో కుర్చీలు తీసేసి జంపఖానాలు పరిచారు. గోడకి బ్యానరు కట్టారు. తల్లులు ఒక పక్క నిలబడ్డారు. పిల్లలందరూ హాలంతా నడుస్తున్నారు. ఒకడు బ్యానరు లాగుతున్నాడు, ఒకత్తి మైకు వైరు నోట్లో పెట్టుకుంది. వాళ్లని ముందు పాకే స్థితికి తీసుకొస్తే, రికార్డు ప్రకారం అరిసె అందేదాకా అక్కడే ఉంచవచ్చని శాఖ ఉద్దేశం. సోమవారం ఇంక ఒక్కరోజు అవతలే ఉంది. తన పిల్ల ఎండలో కాళ్లు కాల్చుకుంటూ వేసిన అడుగుల్ని వెనక్కి తీసుకోమని ఈ పెద్దమనుషులు పిలిచారు. నోరు తెరిస్తే ఏమంటానో అని సువార్త పళ్లు బిగబట్టి నిలబడింది.

"శిశువులు అనుకరణ ద్వారా నేర్చుకుంటారు," అన్నారు త్రివిక్రమరావు గారు. "కాబట్టి సిబ్బంది అందరూ పాకి చూపించాలి."

సిబ్బంది ఒకరినొకరు చూసుకున్నారు. ప్యాంటు మోకాళ్ల దగ్గర కాస్త పైకి లాక్కుని సీనియర్ అసిస్టెంటు మొదట దిగాడు. తర్వాత సూపర్‌వైజర్లు, వాళ్ల వెనక బేబీరాణి. తాను చెయ్యని పని ఇతరులకి చెప్పనని త్రివిక్రమరావు గారు కూడా టై భుజం మీదికి వేసుకుని జంపఖానా మీద మోకరిల్లారు. ఆయన హోదా దృష్ట్యా ఆయన ముందు పాకారు, మిగతావాళ్లు వెనక పాకారు. పిల్లలకి ఈ సంబరం బాగా నచ్చింది. చప్పట్లు కొడుతూ వాళ్ల పక్కనే నడిచారు. దీవెన త్రివిక్రమరావు గారి వీపు మీద ఎక్కటానికి రెండుసార్లు ప్రయత్నించింది. తల్లులు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

అదే సమయంలో ఆచార్య విరూపాక్షం గారు ఆకస్మిక తనిఖీకి వచ్చారు.

ఆయన గుమ్మంలో నిలబడి హాలంతా చూశారు. కార్యాలయం మొత్తం నాలుగు కాళ్ల మీద ఉంది. పిల్లలు మాత్రం నిటారుగా ఉన్నారు. అంతటి శాస్త్రవేత్త కాబట్టి ఆయనకి తడబాటు కలగలేదు. కళ్లు మూసుకుని ఆలోచించి, తెరిచారు.

"సిబ్బందికి అరిసెలు అందలేదు. అది స్పష్టం," అన్నారు. "వీరికి వెంటనే మంజూరు చేస్తున్నాను. స్టాకు వచ్చేదాకా ఎవరూ లేవవద్దు. పద్ధతి తప్పుతుంది."

లేవబోయిన త్రివిక్రమరావు గారు అలాగే ఆగిపోయారు.

"ఇక ఈ శిశువులు," అని ఆచార్యులు గొంతు తగ్గించారు. "వీరు నడుస్తున్నారు. అంటే అరిసె తిన్నారు. శాఖ వీరికి అరిసె ఇచ్చిందా?"

"లేదండి," అన్నారు త్రివిక్రమరావు గారు కింది నుంచి.

"ఇంట్లో వండారా?"

"లేదండి. పాకం వాసన ఎక్కడా రాలేదని ఆయాలు ధ్రువీకరించారండి."

"అయితే మిగిలింది ఒక్కటే. ప్రభుత్వ అరిసెలు దొంగిలించబడ్డాయి!"

శిబిరం కోసం పిలిపించిన జిల్లా వంటశాల ఇన్‌ఛార్జి భీమలింగం ఆ సిబ్బందిలోనే ఒక మూల పాకుతున్నాడు. రెండు నెలలుగా అతను పొయ్యి వెలిగించలేదు. కానీ నెలనెలా అరిసెలు వండినట్టే పైకి చెబుతున్నాడు. దొంగతనం అన్న మాట వినగానే అతని ముఖంలో కళ వచ్చింది.

"నిజమేనండి! దొంగతనం జరిగిందండి! మొత్తం పోయాయండి, ఒక్కటి కూడా మిగల్లేదండి," అని గబగబా ముందుకి పాకాడు.

"ఎవరు ఆ దొంగ?" అన్నారు ఆచార్యులు తల్లుల వైపు తిరిగి. "శిశువుల మీద మాకు కక్ష లేదు. తిన్నవారు తిన్నారు, నడిచేవారు నడుస్తారు. వారిని నేడే నడక విభాగంలో చేరుస్తాం. కానీ దొంగ ఎవరో తేలాలి. తేలకపోతే వీరు నడుస్తున్నట్టు ఒప్పుకోవటం కుదరదు."

సువార్త దీవెన వంక చూసింది. పిల్ల ఆచార్యుల వారి చేతికర్ర పట్టుకుని ఆయన్ని ఎటో తీసుకెళ్లాలని చూస్తోంది. సువార్త పుట్టి బుద్ధెరిగి ఒకరి మామిడికాయ కూడా అడక్కుండా కోసినది కాదు. షెడ్డులో పనయ్యాక కొంగు దులిపించి పంపుతారు, ఆ కొంగులోంచి ఏనాడూ ఒక్క జీడిపలుకు రాలలేదు. ఆ సంగతి చెప్పుకుని గర్వపడేది. ఇప్పుడు గర్వమో, సోమవారమో తేల్చుకోవాల్సి వచ్చింది.

"నేనేనండి," అంది.

"ఎక్కడి నుంచి?"

"వంటశాల నుంచేనండి."

"అది జిల్లా కేంద్రంలో కదా ఉంది?"

"ఆయ్, బస్సెక్కి ఎళ్లానండి."

"తాళం?"

"తీసే ఉందండి."

"తీసే ఉందండి, నాదే పొరపాటండి," అన్నాడు భీమలింగం ఆనందబాష్పాలతో.

ఆచార్యులు చాలాసేపు ఆలోచించారు. దొంగిలించిన సొత్తు వెనక్కి రాబట్టటం ధర్మం. కానీ తిన్న అరిసెని వెనక్కి తీసుకుంటే పిల్ల నడక ఆగిపోతుంది. అది శాఖ లక్ష్యాలకి విరుద్ధం. కాబట్టి గట్టిగా మందలించి వదిలేశారు. దీవెన నడుస్తున్నట్టు ఆయనే స్వయంగా ప్రకటించారు. పక్కన నిలబడ్డ తల్లికి ఒక్క నిమిషం పట్టింది అర్థం కావటానికి. తర్వాత ఆమె కూడా ముందుకొచ్చి, తనూ దొంగిలించానంది. ఆమె వెనక ఇంకొకామె వచ్చింది. పొద్దుపోయేసరికి ఆ హాల్లో దొంగ కాని తల్లి లేదు. సిబ్బంది మాత్రం అరిసెల కోసం మోకాళ్ల మీదే ఎదురుచూస్తున్నారు.

సోమవారం పొద్దున్న సువార్త దీవెనని నడక విభాగంలో దింపి, షెడ్డుకి వెళ్లి తన పీట మీద కూర్చుంది. "ఏమే సువార్తా, అరిసెల దొంగవంట కదా," అని పక్కామె నవ్వింది. సువార్త కూడా నవ్వింది. పనయ్యాక కొంగు దులిపినప్పుడు మేస్త్రీ అబ్బులు ఇదివరకటి కంటే కాస్త ఎక్కువసేపు చూశాడు.

అక్కడితో అయిపోయిందనుకుంది. రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం షెడ్డు ముందు జీపు ఆగింది. త్రివిక్రమరావు గారు మోకాళ్లకి పట్టీలు కట్టుకుని దిగారు. ఆయన చేతిలో పూలదండ ఉంది. ఎవరైనా పోయారేమోనని సువార్త కంగారుపడింది. దండ ఆమెకేనట.

"అమ్మా సువార్తగారూ! పీఠం వారు రాష్ట్రవ్యాప్తంగా తాజా అధ్యయనం జరిపారు. తల్లి దొంగతనం చేసిన ప్రతి ఇంట్లోనూ శిశువు గడువుకు ముందే నడిచింది. ఒక్క మినహాయింపు కూడా లేదు. అరిసె కేవలం వాహకం అనీ, అసలు కారణం మాతృచౌర్యం అనీ తేలింది. నిజాయితీపరుల పిల్లలు వెనకబడిపోతున్నారని డైరెక్టరు గారు చాలా బాధపడ్డారు. 'మాతృ సాహసం' పథకం కింద తల్లులందరికీ దొంగతనంలో శిక్షణ ఇవ్వబోతున్నాం. ఈ రంగంలో మీరే మార్గదర్శి. దయచేసి వచ్చి బోధించాలి."

సువార్త చేతులు జీడిపొట్టుతో నల్లగా ఉన్నాయి. దండ తీసుకోలేదు. రెండు నెలలుగా దాచుకున్నది ఒక్కసారిగా బయటికొచ్చింది.

"నేనేమీ దొంగిలించలేదండి! మీ అరిసె ఎలాగుంటాదో కూడా నేనెరగను. నా పిల్ల దానంతటదే నడిచింది. మా దొడ్లో, నేను బట్టలారేత్తంటే, డ్రమ్ము వదిలేసి నడుచుకుంటా నా దగ్గరికొచ్చింది. దానికి ఎవరూ ఏమీ పెట్టలేదు, ఎవరూ నేర్పలేదు. అది నా పిల్ల నడక. మీది కాదు. అరిసెది కాదు. దొంగతనానిదీ కాదు!"

షెడ్డులో సుత్తుల చప్పుడు ఆగిపోయింది. త్రివిక్రమరావు గారు చుట్టూ చూసి, దగ్గరికి జరిగి, గొంతు తగ్గించారు. ఆ గొంతులో బెదిరింపు లేదు. నిజంగానే ఆమె మేలు కోరి చెప్పారు.

"అలా అనకూడదమ్మా. విన్నవాళ్లు ఏమనుకుంటారు? మీరు దొంగ కాకపోతే మీ పాప నడవటం లేదని రాయాల్సి వస్తుంది. రేపటి నుంచి పాకే పిల్లల్లో వెయ్యాలి. పాకే పిల్లలని కేంద్రంలో ఉంచుకోరు. మీకు తెలియనిదేముంది?"

సువార్త తన పీట వంక చూసింది. పీట పక్కన ఇంకా కొట్టని జీడిపిక్కల కుప్ప ఉంది. కొంగుతో చేతులు తుడుచుకుని, దండ వేయించుకుని, జీపెక్కింది.

కేంద్రంలో తల్లులు ఒళ్లో పిల్లలతో వరసగా కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఆమెకి కుర్చీ వేశారు. అమ్మ మాట వినబడి, గోడ అవతల నడక విభాగంలోంచి దీవెన గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. బేబీరాణి మైకు సరిచేసి ఇచ్చింది. తల్లులందరూ చాలా శ్రద్ధగా చూస్తున్నారు. వాళ్లకి కూడా సోమవారాలు ఉన్నాయి.

"ముందు చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకోవాలండి," అంది సువార్త. "తలుపు దగ్గరికేసి ఉంటే చప్పుడు కాకుండా తొయ్యాలి. చెయ్యి లోపలికి పెట్టాలి. తీసి, కొంగులో దాచుకోవాలి. ఎనక్కి చూడకుండా ఇంటికొచ్చెయ్యాలి."

"అద్భుతం," అన్నారు త్రివిక్రమరావు గారు. "తర్వాత?"

గుమ్మం దగ్గర దీవెన తలుపు వదిలేసింది. రెండు చేతులూ చాచి తల్లి వైపు నడిచి వస్తోంది.

"తర్వాతేముందండీ," అంది సువార్త కళ్లు తుడుచుకుని. "పిల్ల నడుత్తాది."